అక్షహృదయము: బిడ్డల వీడియో ఆటలను గూర్చి

నేడు నలుగురు స్త్రీలు కూడినచోట నగల ముచ్చట, చీరెల ముచ్చట వెనుకబడి, ఒక్క ముచ్చటయే ముందునకు వచ్చుచున్నది. "మావాడు ఫోను విడుచుట లేదమ్మా" అని ఒకరందురు. "మా పిల్ల ఆ తెర ఎదుటనే గాని ముద్ద ముట్టదు" అని మరియొకరందురు. అంతట ఒకామె ఫోనును బీరువాలో పెట్టి తాళము వేసిన విధము చెప్పును. ఇంకొకామె "కాలము అట్టిది, ఏమి చేయగలము?" అని నిట్టూర్చి ఊరకుండును. ఈ రెండు త్రోవలలో ఏదియు మాకు సమ్మతము కాదు. మేము వీడియో ఆటలను దూషించువారము కాము. దూషింపకపోవుటయే కాదు, ఆడుదుము. పదునొకండేండ్ల మా కుమారుని ప్రక్కను కూర్చుండి ఆడుదుము. బడిపంతులుగారి భార్య, భారత భాగవతములు చదువుకొన్నది, చేత ఫోను పట్టుకొని ఆటలాడుటయా యని ముక్కు మీద వ్రేలు వేసికొనువారు మా కళింగపట్నములో లేకపోలేదు. వారికి చెప్పిన సమాధానమునే ఇచ్చట కొంచెము విరివిగా వ్రాయుచున్నాము.

మేము బడికి పోయి చదివినవారము కాము. శ్రీకాకుళములో మా తాతగారి యొద్ద ఇంటనే చదువు సాగినది. ఉదయము పద్యము, మధ్యాహ్నము అర్థము, దీపములు పెట్టిన తరువాత అప్పగింత. ఈ నడుమ కలసివచ్చిన కొలది వేళలో మేనమామగారి నోకియా ఫోను మా చేత పడెడిది. 1997లో ఆ కంపెనీ ఫోనులలో మొదట వెలసిన పాము ఆటను మా ఈడువారందరు ఎరుగుదురు. గింజ మ్రింగినకొలది పాము పొడవగును. పొడవైనకొలది తిరుగుటకు చోటు తగ్గును. తుదకు తన తోకను తానే కరచి చచ్చును. ఒకనాడు తాతగారు వెనుకనుండి చూచిరి. మేము ఉలికిపడితిమి గాని వారు కోపింపలేదు. కండ్లద్దములు సవరించుకొని, "ఇది వైకుంఠపాళి పామునకు ఏమగునే?" అని అడిగి, ఆట విధానమంతయు చెప్పించుకొని తామును ఆడిరి. వారి పాము రెండు నిమిషములు కూడ బ్రదుకలేదు. ఆ పిమ్మట వారు పెట్టిన కట్టడి యిది: "మూడుమారులు పాము చచ్చువరకు ఆడుకో. నాలుగవ పాము పుట్టకమునుపే విరాటపర్వము నా ఎదుట ఉండవలె." గడియారము మాట వారు ఎత్తనే లేదు. మా నేర్పు పెరిగినకొలది పాము ఆయుర్దాయమును పెరిగినది. ఐనను మూడవ చావు మూడవ చావే. దానిపై వాదించుటకు మాకు నోరు రాలేదు.

ఆ తాతగారే నలోపాఖ్యానములో ఒక ఘట్టమును మాచేత మరల మరల చదివించెడివారు. భారతమున జూదమనగానే మనకు ధర్మరాజు తోచును. విదురుడు వలదన్నను ఆడి, రాజ్యమును, తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒకదానిపై నొకటిగా ఒడ్డినవాడు. అరణ్యమున నున్న ఆయనకు బృహదశ్వ మహర్షి నలుని కథ చెప్పును. నలుడు పుష్కరునితో ఆడుచుండగా పురజనులు వాకిట నిలిచిరి; మంత్రులు వచ్చిరి; దమయంతి పిలిచినది. అతడు వినలేదు. ఆట ఆగదని తెలిసికొన్న ఆ తల్లి బిడ్డల నిద్దరిని రథమెక్కించి పుట్టింటికి పంపివైచినది. అంతకుమించి ఆమె చేయగలిగినది లేకపోయెను. తరువాతి కథలో నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలుచుండగా, ఆ రాజు త్రోవలోని తాండ్రచెట్టు ఆకులకు, కాయలకు చూచినంతనే లెక్క చెప్పును. నలుడు దిగి ఎంచి చూచి ఆశ్చర్యపడి, తన అశ్వహృదయ విద్యనిచ్చి ఆయన అక్షహృదయమును పుచ్చుకొనును. అక్షహృదయమనగా పాచికల లోగుట్టు. అది పట్టువడగానే కలి అతని దేహమును విడిచి వెడలిపోవును. పిమ్మట నలుడు పాచికలను ఏవగించుకొనలేదు. పుష్కరునితో మరల కూర్చుండి, పోయిన రాజ్యమును గెలిచి, అచ్చటితో ఆపెను. కథ ముగించి బృహదశ్వుడు ధర్మరాజునకు అడవిలో ఉపదేశించినది ఆ విద్యనే. ఆయన కంకుడై విరటుని కొలువున ఏడాది పాచికలాడెను; ఒకమారు రాజుచేతి పాచిక దెబ్బ తినెను గాని ఒడ్డి చెడలేదు.

ఫోను ఆటలలోను ఒక్కొక్కదానికి ఒక్కొక్క హృదయము కలదు. ఏ ఆట ఎచ్చట ఆగును, ఎచ్చట ఆగదు, ఎచ్చట ఆపినచో పిల్లవాని శ్రమ వ్యర్థమగును అనునది ఎరిగిన తల్లి పెట్టిన హద్దు నిలుచును. ఎరుగని తల్లి పెట్టిన హద్దు ప్రతిదినము పోరుగా పరిణమించును. మేము ఆడుటకు గల కారణములలో సగము సరదా, సగము ఇది.

ఒక ఆట ఉన్నది. నూర్గురు ఒక దీవిలో దిగుదురు. ఆయుధములు ఏరుకొని ఒకరినొకరు వేటాడుదురు. ఆటస్థలమును చుట్టిన వలయము క్రమక్రమముగా ముడుచుకొని వచ్చును. తుదకు మిగిలినవారిదే గెలుపు. పబ్‌జీ అను పేర ఇల్లిల్లు తిరిగిన ఈ ఆటను 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము నిషేధించినది. మరుసటి సంవత్సరమే అది బీజీఎంఐ అను వేషముతో తిరిగి వచ్చినది. ఒక మారు మొదలైనచో, తుదివరకు నిలిచినవానికి ఇంచుమించు అరగంట పట్టును. నడుమ ఆపి, అన్నము తిని వచ్చి అందుకొనుటకు వీలు లేదు. నలుగురు జట్టుగా దిగినప్పుడు ఒకడు ఫోను పడవైచి పోయినచో తక్కిన మువ్వురును చెడుదురు. ఇరువదవ నిమిషమున తల్లి వచ్చి 'లే' అనును. పిల్లవాడు అరచును. తల్లి ఫోను లాగుకొనును. బిడ్డ చెడిపోయెనని ఆమె ఏడ్చును. అమ్మకు తన మాట అక్కరలేదని వాడు ఏడ్చును. అరిసెల పాకము పొయ్యి మీద ముదురుచుండగా 'తక్షణము ఇటు రా' అని ఎవరైన పిలిచినచో మన ప్రాణమెట్లుండునో వాని ప్రాణమును అట్లే యుండును. దీనికి విరుగుడు అరుపులో లేదు. భోజనమునకు ముప్పావుగంట కంటె తక్కువ వ్యవధి ఉన్నప్పుడు ఆ ఆటను మొదలు పెట్టనీయకుండుటలో ఉన్నది. మా ఇంట ఆ ఆట లేదు. పదునొకండేండ్లవానికి తుపాకివేట తగదని మా నిశ్చయము. కాని పెద్దపిల్లల తల్లులు అడుగుచుండుటచేత, దాని మర్మము తెలియుటకు మా మరిదిగారి ఫోనులో పదిమారులు ఆ దీవిలో దిగితిమి. ఎనిమిది మారులు దిగిన నిమిషములోనే హతులమైతిమి.

మా అబ్బాయి ఆడునది మైన్‌క్రాఫ్టు. స్వీడను దేశపు యువకుడొకడు మొదలుపెట్టిన ఈ ఆట 2011లో పూర్తిరూపమున వెలువడినది. అందలి లోకము మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల దిమ్మెలతో కట్టబడి యుండును. మన్ను త్రవ్వుకొని, కొయ్య కొట్టుకొని, రాయి తెచ్చుకొని ఇల్లు కట్టుకొనవలెను. ఇంతతో ముగిసినదనుట లేదు. ముగింపు లేని ఆటకు హద్దెట్లు? వెదకగా ఆటలోనే దొరికినది. ఆ లోకమున సూర్యుడు ఉదయించి, అస్తమించి, మరల ఉదయించుటకు మన గడియారమున 20 నిమిషములు పట్టును. కావున బడి ఉన్న నాడు రెండు సూర్యోదయములు, ఆదివారము నాలుగు అని ఏర్పాటు చేసికొంటిమి. కట్టినదంతయు ఆట తానే భద్రపరచుకొనును గనుక ఆపినందువలన వానికి నష్టము లేదు.

ఇందొక చిక్కు వచ్చినది. ఆ లోకమున పరుపు వేసికొని నిద్రించినచో రాత్రి ఇట్టే గడచిపోవును. నిద్రించినచో తన ఆట వేళ తరిగిపోవునని మావాడు పరుపు దరికే పోడాయెను. చీకటిలో పిశాచములు పైబడి వాని ప్రాణము తీసెడివి, కూడబెట్టినది చెల్లాచెదరయ్యెడిది. నాలుగు దినములైన తరువాత వాడే వచ్చి, "అమ్మా, పడుకుంటేనే నయం. రెండు రాత్రులూ పడుకుంటే ఇంకో పొద్దు ఇస్తావేటి?" అని బేరమాడినాడు. లెక్క కట్టి చూడగా అప్పటికిని నలువది నిమిషములు దాటుట లేదు. న్యాయమైన బేరమే; ఒప్పుకొంటిమి. హద్దును తానును కూర్చుండి కట్టినవాడు దానిని దాటుటకు సిగ్గుపడును. గడియారము వంక చూపి 'వేళ అయినది' అన్నచో అది మా ఆజ్ఞ; 'పొద్దు పొడిచినది' అన్నచో అది వాని లోకపు సూర్యుడే చెప్పిన మాట.

ఆ లోకముననే వాడు శాలిహుండము స్తూపమును కట్టబూనినాడు. మా ఊరికి పడమట వంశధార ఒడ్డునున్న కొండ మీద ఆ బౌద్ధ శిథిలములు కలవు. 1919లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వానిని గుర్తించిరి. (వాడుక భాషకై పోరాడిన ఆ మహనీయుడు మా ఈ గ్రాంథికమును చూచినచో ఏమనియుండునో! తాతగారు నేర్పిన నడక. చేయి మారుట లేదు.) స్తూపము గుండ్రనిది, ఆటలో నున్నవన్నియు చదరములు. చదరములతో గుండ్రన ఎట్లు వచ్చునని వాడు తల పట్టుకొని కూర్చుండెను. మేము పలక తెచ్చి వరుసలుగా చుక్కలు పెట్టితిమి: 3, 5, 7, 7, 7, 5, 3. దూరమునుండి చూచినచో మూలలు కలసిపోయి వలయముగానే తోచును. అంతవరకు ఆ ఫోనును చూచిన పాపమున పోవుదునన్నట్లుండెడి మా అత్తగారు పలక వంక చూచి, "ఇది ధనుర్మాసపు చుక్కల ముగ్గు కాదుటే!" అనిరి. నాటినుండి ఎంత గుండ్రనకు వరుసకెన్ని చుక్కలో వారే మనుమనికి చెప్పుచున్నారు. తెర వంక మాత్రము నేటికిని సూటిగా చూడరు. కండ్లు పోవునట.

ఫోను బిడ్డల చేతికి వచ్చుట తల్లుల అజాగ్రత్త యని పెద్దలు కొందరందురు. ఇది సరి కాదు. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు పాఠమే ఫోనులోనికి పోయినది. పాఠము వెంట ఆటయు వచ్చినది. 2021 సెప్టెంబరు 26వ తేది రాత్రి గులాబు తుపాను కళింగపట్నమునకు, గోపాలపురమునకు నడుమ తీరము దాటినప్పుడు మాకు కరెంటు పోయినది. ఫోనులో మిగిలిన ఛార్జిని బంధువుల క్షేమవార్తల కొరకు దాచవలసి వచ్చినది. దీపపు వెలుగున అత్తగారు సుద్దతో గళ్లు గీచి, గవ్వలు తీసి, అష్టాచెమ్మా నేర్పిరి. మావాడు పందెము పండినప్పుడెల్ల గంతులు వేయుచు, నిద్ర ముంచుకొని వచ్చినను "ఇంకొక్క ఆట, ఇంకొక్క ఆట" అనుచునే యుండెను. ఆ మాట ఫోను నేర్పినది కాదని మాకు అప్పుడు తెలిసినది. ఐనను గవ్వలకును ఫోనునకును గొప్ప భేదము కలదు. సంచిలో పెట్టిన గవ్వలు ఊరకుండును. ఫోను ఊరకుండదు, 'నేడు రాలేదేమి? నీ బహుమానము తీసికొనవా?' అని తానే పిలుచును. ఆ నోటిఫికేషనులను మా ఇంట అన్నిటికంటె ముందుగా ఆపివైచితిమి. దినము తప్పక వచ్చినవానికే కానుక, ఒక నాడు మానినచో లెక్క మరల మొదటికి, అను తీరు గల ఆటలను దింపుకొననీయము. అవి బిడ్డకు హద్దు పెట్టనీయవు. ఎదురు బిడ్డకే కట్టడి పెట్టును.

ఇక డబ్బు. ఇచ్చట మేము మెత్తన కాము. మా తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. మాకు తెలిసిన ఒక ఇంట ఆ దినములకు దాచుకొన్న సొమ్ములోనుండి పిల్లవాడు ఆటలోని దుస్తులు, తుపాకుల రంగులు కొన్నాడు. తండ్రి యూపీఐ అంకెలు నొక్కుచుండగా చూచి నేర్చినాడట. కొట్టిరి, తిట్టిరి, బియ్యమునకు అప్పు తప్పలేదు. వాని తల్లి మా యొద్ద కూర్చుండి, "దొంగ అయిపోనాడమ్మా" అని కుమిలినది. మేము పిల్లవానిని పిలిచి మెల్లగా అడుగగా తెలిసినదేమన, వాని దృష్టిలో వాడు ఖర్చు పెట్టినది రూపాయలు కావు, రత్నములు! ఈ ఆటలు రూపాయలను మొదట రత్నములుగానో, నాణెములుగానో మార్చును. ఆ పిమ్మట సరుకు వెల రత్నములలోనే చెప్పును. రూపాయి బరువు చేతికి తెలియకుండుటకే ఈ ఏర్పాటు. మేము వానిచేతనే ఆ రత్నముల వెలను కిలోల బియ్యముగా లెక్క కట్టించితిమి. కాగితము నిండకమునుపే వాడు కలము క్రింద పెట్టినాడు.

కొన్ని ఆటలలో మూసిన పెట్టె నమ్ముదురు. లోపల ఏమున్నదో డబ్బు చెల్లించి తెరచినగాని తెలియదు. ఇది పాచిక కాక మరేమి? 2018లో బెల్జియము దేశపు అధికారులు ఇట్టి పెట్టెలను జూదముగా నిర్ణయించిరి. మన దేశమున 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము సొమ్ము ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను, అవి నేర్పువైనను అదృష్టమువైనను, నిషేధించినది. మేలే. కాని ఆటలో బొమ్మకు చొక్కా కొనుట పందెము కాదు గనుక ఆ చట్టము దానికి అడ్డురాదు. అది ఇంటివారి పనియే. యూపీఐ ఉన్న ఫోనులో ఆట ఉండరాదు, ఆట ఉన్న ఫోనులో యూపీఐ ఉండరాదు: ఇది మా ఇంటి కట్టడి. ఒక్క ఫోనే గల ఇండ్లలో కొనుగోలునకు పాస్‌వర్డు పెట్టి, అది పిల్లల ఎదుట నొక్కకుండుట మేలు.

ప్రభుత్వములే వేళలు నిర్ణయించిన దేశములును లేకపోలేదు. దక్షిణ కొరియాలో 2011 మొదలు పదునారేండ్లలోపు వారికి అర్ధరాత్రి నుండి ఉదయము ఆరుగంటల వరకు ఆన్‌లైను ఆటలు మూసివైచిరి. పదేండ్లు గడపి, 2022 మొదట ఆ చట్టమును ఎత్తివైచి భారమును తిరిగి ఇండ్లకే అప్పగించిరి. చైనాలో 2021 సెప్టెంబరు మొదలు పదునెనిమిదేండ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారములును, సెలవు దినములును మాత్రమే, రాత్రి ఎనిమిదింటి నుండి తొమ్మిదింటి వరకు. మన బీజీఎంఐ వారును పిల్లలకు దినమునకు మూడు గంటల హద్దు పెట్టితిమనిరి. మూడు గంటలు! బడి, బడి పని, భోజనము, నిద్ర పోగా బిడ్డకు మిగులునదే అంత.

ఇది వ్యసనమా, సరదాయా అని తెలియుట యెట్లని మమ్ము అడుగుదురు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో ఈ ఆటల వ్యాధియు చేరినది. గంటల లెక్కను బట్టి వారు దానిని నిర్ణయింపలేదు. ఆటపై తనకు అదుపు లేకపోవుట, తక్కిన సమస్తము కంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కనబడుచున్నను మానలేకపోవుట, ఇవి సామాన్యముగా ఏడాది పాటు నిలిచి, చదువును, సంసారమును చెరచినప్పుడే వ్యాధి యనిరి. సెలవులలో రెండు గంటలు ఎక్కువ ఆడినవాడు రోగి కాడు. స్నేహితులు వాకిట పిలిచినను పోక, తిండి నిద్రలు మాని, అడిగినచో బొంకువాని తల్లి వైద్యుని చూచుటకు వెనుదీయరాదు.

ఆడపిల్లల మాట చెప్పవలసి యున్నది. అన్నకు ఫోనిచ్చి, చెల్లెలికి చీపురిచ్చు ఇండ్లు మా చుట్టును పెక్కులు కలవు. ఆటలు మగవారికొరకే పుట్టినవని ఎవరు చెప్పిరి? 1980లో జపాను దేశమున ప్యాక్‌మ్యానును కల్పించిన తోరు ఇవతాని, ఆటశాలలకు స్త్రీలును రావలెనని తలచియే, కాల్పులు మాని తినుటను ఆటవస్తువుగా గైకొనెను. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి చదరంగము నేర్పినది ఆమె తండ్రియే. 2002లో, పదునేనవ యేట, ఆమె గ్రాండుమాస్టరు అయినది. ఒక బిడ్డకు తల్లియైన పిమ్మట 2019లోను, మరల 2024 డిసెంబరులో న్యూయార్కునందును ప్రపంచ ర్యాపిడ్ చదరంగమును గెలిచినది. చదరంగము వేరు, ఫోను ఆట వేరు అనువారితో మేము వాదింపము. ఆ ఇంట పెద్దలు బిడ్డ ఆటను తమ ఆటగా ఎంచుకొనిరి. అంతమాత్రమే మా పోలిక. మా ఆడపడుచు కుమార్తె సెలవులకు వచ్చినప్పుడు ఆమెకును రెండు సూర్యోదయములే, చీపురు ఇద్దరిదియును.

మా వారికి ఈ పద్ధతి మొదట రుచింపలేదు. బడిలో గంట కొట్టినచో పిల్లలందరు లేతురు, ఇంట ఈ బేరములేల అనిరి. నేడు ఆటలో సూర్యుడు పొడుచుచుండగా పిల్లవాడు తానే ఫోను తెచ్చి బల్ల మీద పెట్టుట చూచి ఏమియు అనుట లేదు. ప్రతిదినము పెట్టునని చెప్పము. వారమునకు ఒకటి రెండు మారులు మూతి ముడుచుట, కాలు నేలను తన్నుట ఉండనే ఉన్నది.

ఇప్పుడు వాని సంకల్పము కళింగపట్నపు పాత రేవును కట్టుట. ఓడలు ఎచ్చట లంగరు వేసెడివో, సరుకు ఒడ్డునకు ఎట్లు చేరెడిదో ఆటలో దొరకదు గనుక తీరమున వలలు అల్లు ముసలివారిని అడుగుటకు ఆదివారములు పోవుచున్నాడు. వారు తమ తాతలు చెప్పిన ఓడల కథలు చెప్పి పంపుచున్నారు. తోడు కట్టుటకు తరగతి స్నేహితునొకనిని ఆన్‌లైనులో పిలుచుకొందునన్నాడు. ముక్కు మొగమెరుగనివారు వచ్చి చేరు వాకిలి ఇప్పుడే తెరువము. ఆ బాలుడు మా ఇంటికే వచ్చి, మా ఎదుట, ఒకే వైఫై మీద ఆ లోకములో చేరవచ్చునన్నాము. దానికి ఇద్దరును సమ్మతించిరి. సూర్యోదయములు ఇద్దరికి కలిపి రెండా, ఒక్కొక్కరికి రెండా అను తగవు మాత్రము ఇంకను తెగలేదు.